తడి గోనె వాసన

ఆరో నంబరు టేబుల్ దగ్గర కూర్చున్న దంపతులు వైన్ కార్డు తెరిచి పది నిమిషాలైంది. భర్త ఒక్కో పేరు మీదా వేలు పెడుతున్నాడు. భార్య తల అడ్డంగా ఊపుతోంది. అమృత నీళ్ళ జగ్గు పట్టుకుని రెండోసారి ఆ పక్కగా వెళ్ళినప్పుడు మాటలు చెవిన పడ్డాయి.

"గీ పేర్లకు నోరు తిరుగుతలేదు. జ్యూస్ చెప్పుకుందాం తియ్," అంటోంది ఆవిడ.

"జ్యూస్ ఎప్పుడన్న తాగొచ్చు. టీచర్ రిజిస్ట్రేషన్ నీకు దినాం వస్తదా సావిత్రీ?"

వరంగల్ వైపు తెలుగు. అమృతది భీమవరం. ఈ పరాయి దేశంలో, హాబ్సన్‌విల్‌లో నీటి ఒడ్డునున్న ఈ రెస్టారెంటుకి తెలుగువాళ్ళు వస్తూనే ఉంటారు గానీ, ఆమె తనంతట తాను తెలుగు ఎత్తదు. ఎత్తితే ఏ ఊరు, ఏ వీసా, పెళ్ళయిందా అని మొదలై మిగతా టేబుళ్ళు ఆగిపోతాయి. ఛాతీ మీది బ్యాడ్జిలో పేరు కూడా ఎమీ అనే ఉంటుంది. కస్టమర్లకు పలకడానికి సులువని మేనేజరు గ్రెగ్ పెట్టిన పేరు అది.

"రొయ్యలూ చేపా తీసుకుంటున్నారు కాబట్టి ఈ పోర్చుగీసు తెల్ల వైన్ చూడండి," అని ఇంగ్లీషులో చెప్పి, గోడమీది నల్లబోర్డు చూపించింది. బోర్డు మీద సుద్దతో రాసింది తనే. ఆల్వరీన్యో. నిమ్మతొక్క, దోరగా పండిన పీచ్ పండు, నారింజ పూత, చివర్లో కాస్త ఉప్పుగాలి. కారపు రొయ్యలకూ నిప్పుల మీద కాల్చిన చేపకూ జోడీ.

"కారంతో బాగుంటుందా?" ఆయన కూడా ఇంగ్లీషులోనే అడిగాడు.

"బాగుంటుంది సర్. వేపుడు మీద నిమ్మకాయ పిండినట్టు ఉంటుంది."

ఆయన నవ్వాడు. ఆ పోలిక నచ్చినట్టుంది. బుకింగు పుస్తకంలో ఆయన పేరు కిషన్‌రావు.

ఈ దేశంలో వైన్ సీసాలకి దాదాపు అన్నిటికీ తిప్పే మూతలే. ఈ పోర్చుగీసు సీసాకి మాత్రం కార్కు బిరడా ఉంది. అమృత సీసాని నడుముకి ఆనించి బిరడాలోకి మరమేకు తిప్పి పైకి లాగింది. లాగిన బిరడాని వాసన చూడాలి. వంటింట్లోంచి గంట రెండుసార్లు మోగడంతో చూడలేదు. కిషన్‌రావు గ్లాసులో రెండు గుక్కలు పోసి, చెయ్యి సీసా మీదే ఉంచి నిలబడింది.

ఆయన గ్లాసు పెదాల దాకా తీసుకుపోలేదు. ముక్కు దగ్గరే ఆపాడు. కిందికి దించి మళ్ళీ ఎత్తాడు.

"సావిత్రీ, ఒకసారి చూడు. తడిసిన గోనెసంచి వాసన వస్తలేదా?"

సీసా మీద అమృత చెయ్యి బిగుసుకుంది.

"వాసన సరిగా లేదు," అని ఆయన ఆమెతో మర్యాదగా ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె జవాబు వెతుక్కునే లోపే గ్రెగ్ వచ్చేశాడు. గ్లాసు అందుకుని గుండ్రంగా తిప్పి, వాసన చూశాడు. కనుబొమలు చిన్నగా కదిలాయి. వెంటనే చిరునవ్వు అతికించుకున్నాడు.

"ఇది సముద్రం పక్క పండే ద్రాక్ష సర్. ఈ రాతి వాసన దాని స్వభావం. తియ్యటి వైన్లు అలవాటైన వాళ్ళకి మొదట్లో కొత్తగా ఉంటుంది."

"రాయి కాదు. ఇది తడి..." కిషన్‌రావుకి గోనెసంచికి ఇంగ్లీషు మాట వెంటనే తట్టలేదు.

గ్రెగ్ గ్లాసుని అమృత చేతిలో పెట్టాడు. "ఆ బోర్డు రాసింది మా ఎమీయే. దీని గురించి నాకంటే తనకే బాగా తెలుసు. చెప్పు ఎమీ, ఇది ఇలాగే ఉంటుంది కదా?"

ఆమె వాసన చూసింది. పీచ్ లేదు, నారింజ పూత లేదు. వాన నీళ్ళు దిగిన గోడౌన్ తలుపు తీసినట్టుంది. గోనెసంచి. ఈ వాసనకి అంత సరైన మాట ఆమెకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. పక్క టేబుళ్ళ వాళ్ళు తలలు తిప్పి చూస్తున్నారు. ఆమె రెసిడెన్సీ కాగితాలు గ్రెగ్ సంతకం కోసం పది రోజులుగా ఆఫీసు గదిలో ఉన్నాయి.

"అవును. ఇలాగే ఉంటుంది," అంది.

కిషన్‌రావు ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత గ్రెగ్ వైపు తిరిగి, "సారీ. వైన్ గురించి మాకు అంతగా తెలియదు," అన్నాడు.

ఆయన ఒక గ్లాసు కషాయం మింగినట్టు మింగాడు. సావిత్రి ముట్టుకోలేదు. రొయ్యలు తిన్నారు, చేప తిన్నారు, సముద్రం మీద ఇంకా ఎండ ఉండగానే లేచారు. తలుపు దగ్గర సావిత్రి ఆగి, వెనక్కి తిరిగి అమృతని చూసింది. తప్పు చేసిన పిల్లని తిట్టకుండా చూసే టీచరు చూపు.

*

"వదిలెయ్యవే," అంది శ్రీజ మర్నాడు పొద్దున. ఆల్బనీలో ఇద్దరూ కలిసి ఉండే ఫ్లాట్ అది. శ్రీజ హాస్పిటల్ డ్యూటీకి బూట్లు వేసుకుంటోంది. "వాళ్ళు ఈపాటికి మర్చిపోయుంటారు. ముందు నీ కాగితాలు చూసుకో."

"ఆయన ముక్కు ఆయన్ని మోసం చేసిందనుకుంటాడే. అదీ నా వల్ల."

"ముక్కు గురించి ఎవరైనా ఇంత బెంగ పెట్టుకుంటారా? ఆ కప్పు ఇప్పటికి మూడుసార్లు కడిగావు."

అమృత కప్పు బోర్లించి బయల్దేరింది. బస్సు ఎక్కి కార్డు మిషనుకి తాకించింది. "గుడ్ మార్నింగ్" అన్న గొంతు విని తలెత్తింది. డ్రైవరు సీట్లో కిషన్‌రావు. యూనిఫాం చొక్కా, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. ఏడాదిన్నరగా ఆమె ఎక్కే రూటు ఇది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎక్కడమే గానీ డ్రైవరు ముఖం ఏనాడూ చూడలేదు.

ఆయన ఆమె వెనక ఎక్కిన ముసలాయనకీ అదే గొంతుతో గుడ్ మార్నింగ్ చెప్పాడు.

ఆమె చివరి సీట్లో కూర్చుంది. స్టాపు రాగానే అందరూ ముందు నుంచి "థాంక్యూ డ్రైవర్" అంటూ దిగుతుంటే, ఆమె వెనక తలుపు గుండా జారుకుంది.

స్టోర్ రూములో ఐస్ బకెట్లు తీస్తుంటే నిన్నటి సీసా కనిపించింది. బిరడా తిరిగి పెట్టి, మెడకి పసుపు చీటీ కట్టి ఉంది. గ్రెగ్ చేతిరాత. కార్కు వల్ల పాడైనది, అమ్మినవాళ్ళు మార్చి ఇవ్వాలి.

ఆ చీటీ పట్టుకుని గ్రెగ్ దగ్గరికి వెళ్ళింది. అతను నేప్‌కిన్లు లెక్కపెడుతున్నాడు.

"ఇది పాడైందని నీకు తెలుసా?"

"ముక్కు ఉంది కదా నాకు."

"మరి నిన్న ఆయనకి..."

"నిన్న శుక్రవారం ఎమీ. బయట ఆరు కుటుంబాలు నిలబడి ఉన్నాయి. చల్లబెట్టిన సీసాల్లో అదే ఆఖరిది. అక్కడ నిలబడి కార్కుల మీద పాఠం చెప్పమంటావా? అయినా వాళ్ళకి తేడా ఏం తెలుస్తుంది?"

"ఆయనకి తెలిసింది."

"ఏదో గాలివాటంగా." గ్రెగ్ నేప్‌కిన్ల కట్టని అరలోకి తోశాడు. "నువ్వు మాత్రం బాగా సర్దావు. థాంక్స్."

ఆ థాంక్స్ ఆమెకు రోజంతా కాలి చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది. మూడో టేబుల్ సూపు నాలుగో టేబుల్‌కి ఇచ్చింది. గ్లాసులు తుడుస్తూ ఒకదాని కాడ విరగ్గొట్టింది. బోర్డు చెరిపి మళ్ళీ రాయబోయి, ఆల్వరీన్యో అన్న పేరు రాసి ఆగిపోయింది. కింద ఏం రాసినా అబద్ధంలాగే కనిపించేట్టుంది.

ఆదివారం ఆయన బస్సు తప్పించుకోవడానికి గంట ముందు బయల్దేరింది. రెస్టారెంటు ఇంకా తెరవలేదు. నీటి ఒడ్డున నడకదారి మీద ఆ చివరి దాకా నడిచి, తిరిగి వచ్చి, మళ్ళీ నడిచింది. సోమవారం కూడా అంతే. కుక్కల్ని తిప్పేవాళ్ళు ఆమెకి రెండుసార్లు హలో చెప్పారు.

*

మంగళవారం మధ్యాహ్నం, భోజనాలు అయిపోయి రాత్రి వంట మొదలవని వేళ, వైన్ దిగుమతి చేసే టెరెసా వచ్చింది. అరవై ఏళ్ళు దాటిన పోర్చుగీసు మనిషి. వచ్చే నెల రెస్టారెంటులో పోర్చుగీసు విందు పెడుతున్నారు. దానికి ముందు సర్వర్లకీ వంటవాళ్ళకీ రుచులు తెలియాలని మూడు రకాలు తెచ్చింది. పొడుగు టేబుల్ చుట్టూ ఎనిమిది మంది కూర్చున్నారు. గ్రెగ్ చివర్న నిలబడ్డాడు.

మొదటిది విన్యో వెర్ద్. పేరుకి పచ్చ వైనే గానీ రంగు పచ్చ కాదు, లేతగా ఉన్నప్పుడే తాగుతారని ఆ పేరు. నాలుక మీద సన్నగా చిటపటలాడింది. రెండోది అరింటో. పచ్చి ఆపిల్ కొరికినట్టు పళ్ళు జివ్వుమన్నాయి.

"మా ఊళ్ళో దీన్ని ఉప్పుచేపతో తాగుతాం, ఆల్చిప్పల కూరతో తాగుతాం," అంది టెరెసా. "ఎమీ, మీ ఊళ్ళో అయితే దేంతో?"

"పచ్చిమామిడికాయ వేసిన రొయ్యలతో," అంది అమృత ఆలోచించకుండానే. "చింతపండు పులుసుతో వద్దు. ఆ పులుపూ ఈ పులుపూ పోట్లాడుకుంటాయి. చేపల వేపుడైతే రెండూ బాగుంటాయి."

టెరెసా తన నోటుబుక్కులో అది రాసుకుంది. తర్వాత ఆల్వరీన్యో పోసింది. అమృత గ్లాసు ఎత్తింది. నారింజ తోటలో ఎవరో నడిచి వెళ్ళినట్టు పూత వాసన, వెనకాలే పీచ్, గుటక పడ్డాక నాలుక అంచుల మీద ఉప్పు. ఆరో టేబుల్ వాళ్ళకి అందవలసింది ఇదే. ఆమె గ్లాసు కింద పెట్టేసింది.

టెరెసా స్టోర్ రూములోంచి పసుపు చీటీ సీసా తెప్పించింది. "ఈ దేశంలో అన్నీ తిప్పే మూతలే. పాడైన కార్కు ఎలా ఉంటుందో మీకు తెలిసే దారి లేదు. ఇది నేర్చుకోవడానికి మంచి సీసా. చూసి ఒక్కొక్కరూ ఒక్క మాట చెప్పండి."

సీసా టేబుల్ చుట్టూ తిరిగింది. ఒక వంటవాడు తనకేమీ తెలియడం లేదన్నాడు. ఇంకొకడు తడి అట్టపెట్టె అన్నాడు. బారులో పనిచేసే పిల్ల తడిసిన కుక్క అంటే అందరూ నవ్వారు.

"ఎమీ?"

గ్రెగ్ చేతులు కట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అమృత సీసాని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.

"తడిసిన గోనెసంచి," అంది.

"చాలా బాగా చెప్పావు."

"నేను చెప్పింది కాదు. శుక్రవారం ఆరో టేబుల్‌లో కూర్చున్న ఆయన చెప్పారు. తాగకుండా, వాసన చూసే చెప్పారు. ఇది ఇలాగే ఉంటుందని నేను ఆయనతో అబద్ధం చెప్పాను."

నవ్వులు ఆగిపోయాయి. టెరెసా అమృతనీ, గ్రెగ్‌నీ, చీటీ మీది చేతిరాతనీ చూసింది. పెట్టెలోంచి బిరడా తియ్యని కొత్త సీసా ఒకటి తీసి బల్లమీద పెట్టింది.

"అయితే బదులు ఇచ్చే ఈ సీసా ఆయనది."

"ఆయనెవరో, ఎక్కడుంటాడో," అన్నాడు గ్రెగ్.

"నాకు తెలుసు," అంది అమృత.

*

బుధవారం పొద్దున ఫోనులో కొత్త డ్యూటీ చార్టు వచ్చింది. అమృత పేరుకి ఎదురుగా శుక్ర, శని సాయంత్రాలు ఖాళీ. బదులుగా జనం పెద్దగా రాని సోమ, మంగళవారాల మధ్యాహ్నాలు. కారణం రాయలేదు. ఆమె చార్టు రెండుసార్లు చదివి, సీసాని తువ్వాలులో చుట్టి, సంచీలో పెట్టుకుని ఆల్బనీ బస్ స్టేషనుకి నడిచింది.

కిషన్‌రావు బస్సు ఖాళీగా నిలబెట్టి, మెట్టు దగ్గర ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నాడు. బయల్దేరడానికి ఇంకా తొమ్మిది నిమిషాలుందని బోర్డు చెబుతోంది.

"అంకుల్," అంది తెలుగులో.

ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "చెప్పమ్మా."

"ఆ రోజు నేను అబద్ధం చెప్పానండి. ఆ వైన్ పాడైపోయింది. మీరు చెప్పిందే నిజమండి."

"తెల్సు."

"తెలుసా?"

"ఎనుమాముల మార్కెట్ యార్డుల ఇరవై ఏండ్లు మిర్చి బస్తాలకు ముక్కు వెట్టిన. గోనె తడిసిందో లేదో నాకు ఇంకొకరు చెప్పాల్నా?" టీ ఊదుకున్నాడు.

"మరి మీరెందుకండీ సారీ చెప్పారు?"

"ఆయన గ్లాసు తెచ్చి నీ చేతిల వెట్టిండు. నీ మొఖం జూసిన. నేను గోనెసంచి అనంగనే సీసా మీద నీ చెయ్యి బిగిసింది గదా, అప్పుడే సమజయింది నీకు తెలుగొస్తదని. ఇంక నేను గట్టిగ అడుగుతే ఇరుక్కునేది నువ్వు. నాదేముంది బిడ్డా, ఒక్క గ్లాసు. మింగితే అయిపాయె."

అమృత నిలబడ్డ చోట నిలబడలేక సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. ఐదు రోజులుగా తను ఎవరి మీద జాలిపడుతోందో, ఆయనే తన మీద జాలిపడి ఊరుకున్నాడు. అది తెలిసినా మనసు తేలికపడలేదు.

"ఇది మీదండి," అంటూ సీసా తీయబోయింది.

"అయ్యో, లోపల వెట్టు! డ్యూటీల సీసా పట్టుకుంటె నా నౌకరి ఊడ్తది." నవ్వి, నవ్వు ఆపుకున్నాడు. "నాకు గాదు, సావిత్రికి ఇయ్యి. ఆ దినం ఆమెది. నేను సారీ అన్నందుకు నాతోని ఇంకా సక్కగ మాట్లాడ్తలేదు."

*

గురువారం సాయంత్రం ఐదు దాటాక, ఆయన చెప్పిన గుర్తులు పట్టుకుని అమృత వాళ్ళింటికి వెళ్ళింది. సావిత్రి తలుపు తీసి, చూసి, లోపలికి నడిచింది. వంటింటి బల్లమీద రంగురంగుల చార్టు కాగితాలు. తను పనిచేసే చిన్నపిల్లల సెంటరు గోడకి అతికించడానికి చేపలు కత్తిరిస్తోంది.

"కూసో."

అమృత సీసా బల్లమీద పెట్టింది. సావిత్రి దాన్ని చూడలేదు. కత్తెర నీలం చేప తోక చుట్టూ నెమ్మదిగా తిరిగింది.

"ఆయన మంచోడు," అంది. "బస్సుల ఎవడన్న తిట్టినా ఈయనే సారీ చెప్తడు. గా ఒక్క దినమన్న మా ఇంట్ల ఎవరూ ఎవరికీ సారీ చెప్పొద్దనుకున్న. నాకోసం పోయినం గదా ఆడికి."

"తప్పేనండి ఆంటీ."

"నువ్వు భయపడ్డవ్. దానికి నాకేం కోపం లేదు. నేను భయపడ్తలేనా, మా సెంటర్ల? కాని నీకు తెలుగు వచ్చి గూడ రానట్టు నిలబడి మా మాటలు విన్నవ్. అది నొచ్చింది."

ఒక కాగితం చేప జారి కింద పడితే అమృత తీసి బల్లమీద పెట్టింది.

సావిత్రి సీసాని వేలితో ముందుకి తోసింది. "ఇది తీస్కపో."

"ఆంటీ, ప్లీజ్..."

"వద్దని గాదు. ఇంట్ల తలుపేస్కొని తాగితే ఏమయితది? ఆడ అయింది, ఆడనే తాగుతం. గదే టేబుల్. గా మేనేజరే పొయ్యాలె."

"శుక్రవారం నాకు డ్యూటీ లేదండి. తీసేశారు."

కత్తెర ఆగింది. "మా ముచ్చట చెప్పినందుకేనా?"

అమృత తల ఊపింది.

సావిత్రి మొదటిసారి ఆమె ముఖంలోకి నేరుగా చూసింది. "అయితే ఇంకా మంచిదాయె. మాతోటి కూసో."

*

శుక్రవారం ఆరింటికి ముగ్గురూ వెళ్ళారు. అమృత పసుపు కుర్తా వేసుకుంది, బ్యాడ్జి లేదు. ఆరో టేబుల్ తన పేరు మీదే బుక్ చేసింది, ఎమీ అని కాకుండా అమృత అని. బారులో పిల్ల ఆమెని చూసి కన్నుకొట్టింది. గ్రెగ్ చూసి, వేరే సర్వరుని పంపాలా అన్నట్టు ఒక్క క్షణం తడబడి, చివరికి తనే వచ్చాడు.

అమృత సంచీలోంచి సీసా తీసి అతని చేతికిచ్చింది. "ఇది వీళ్ళది. దయచేసి తెరుస్తావా?"

అతను బిరడా లాగాడు. అలవాటుగా కిషన్‌రావు గ్లాసులో కాస్త పోశాడు. కిషన్‌రావు గ్లాసుని భార్య ముందుకి జరిపాడు. సావిత్రి దాన్ని ఎత్తలేదు.

"ముందు మీరు వాసన చూసి చెప్పండి," అంది ఇంగ్లీషులో, మూడేళ్ళ పిల్లలతో మాట్లాడే నిదానంతో.

గ్రెగ్ వాసన చూశాడు. "బాగుంది."

"పోయిన వారం సీసా?"

వంటింటి గంట మోగింది. అమృత కాళ్ళు వాటంతట అవే లేవబోయాయి. సావిత్రి బల్లకింద నుంచి ఆమె మణికట్టు పట్టుకుంది. గంట మళ్ళీ మోగింది. పక్క టేబుల్ దగ్గర ఫోర్కుల చప్పుడు ఆగింది.

"అది పాడైంది," అన్నాడు గ్రెగ్. చెవుల దాకా ఎర్రబడ్డాడు. "మీ భర్త చెప్పింది నిజం. నాకు అప్పుడే తెలుసు. ఐ యామ్ సారీ."

"థాంక్యూ," అంది సావిత్రి. గ్లాసు ఎత్తి, వాసన చూసి, ఒక గుక్క తాగింది. ముఖంలో ఏమీ కనిపించనీకుండా ఇంకో గుక్క తాగింది. గ్లాసు భర్తకి అందించింది. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు వాసన చూశాడు.

గ్రెగ్ ఆర్డరు పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. సోమవారం మధ్యాహ్నం అతను తనతో ఏమంటాడో, ఆఫీసు గదిలోని కాగితాలు ఏమవుతాయో అమృతకి తెలియదు.

"ఇప్పుడు చెప్పు," అంది సావిత్రి మెనూ ఆమె ముందు పెట్టి. "దీనితోని ఏం తింటే బాగుంటది?"

అమృత మెనూ దగ్గరికి లాక్కుంది. "కాల్చిన చేప తీసుకోండి ఆంటీ. నిమ్మకాయ విడిగా అడగొద్దు, ఆ పులుపు దీన్లోనే ఉంది. రొయ్యలు కారంగా చెయ్యమందాం," అంటూ మొదలుపెట్టింది. గొంతు తగ్గించలేదు. పక్క టేబుల్ వాళ్ళు ఇటు తిరిగి చూశారు. ఒక్కో వంటకం మీదా వేలు పెడుతూ ఏది ఎందుకు బాగుంటుందో, ఏది ఎందుకు బాగోదో తెలుగులో పూర్తిగా, తీరిగ్గా చెప్పింది. గ్రెగ్ పెన్ను పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. ముగ్గురూ ఒక మాట మీదికి వచ్చాక అప్పుడు తలెత్తి, అతనికి ఇంగ్లీషులో ఆర్డరు చెప్పింది.